సైరన్ శ్రుతి

శ్రుతిపెట్టె కొనే స్తోమత
మా నాగావళి మెలొడీసుకి ఎన్నడూ లేదు.
సాయంత్రం ఆరింటికి రాయగడ మీద
కాగితం మిల్లు సైరన్ కూసేది.
త్రినాథ పాత్రో చెయ్యెత్తి "ఉండండహె" అనేవాడు.
ఆ కూత ఆగేలోపే
గిటార్ల చెవులు మెలిపెట్టుకోవాలి.
ఆలస్యమైనవాడికి రాత్రి పదింటి షిఫ్టుదాకా గతి లేదు.

పెళ్ళిళ్ళు, గణేశ్ పందిళ్ళు,
తేరుబలి కాలనీలో ఫోర్‌మన్ల వీడ్కోలు సభలు.
తెలుగు పాటకి ఒకడు ఐదు రూపాయలు గుచ్చితే
ఒడియా పాటకి పంతం మీద ఇంకొకడు పది గుచ్చేవాడు.
మేం రెండు భాషల్లోనూ ఆకలితోనే పాడేవాళ్ళం.

ఆ ఏడు మిల్లుకి కొత్త మెషిన్ దిగింది.
దాంతోపాటు ఒగాటా దిగాడు, జపాన్ నుంచి,
బోల్టు బోల్టుకీ ఒక కాగితం పట్టుకుని.
గెస్ట్‌హౌస్‌లో వంట చేసే దాలయ్యే మా డోలక్.
"దొర బల్ల మీద ఏళ్ళతో ఏటో వాయిస్తన్నాడ్రా.
రెండేళ్ళే. గానీ తాళం తప్పట్లేదు."

సాహు ధాన్యం గోడౌన్‌కి తీసుకొచ్చాం.
మా బేసు గిటారుకి అప్పటికి మూడే తీగలు.
లేని తీగ చోట చూపుడువేలు ఓసారి ఆనించి,
చనిపోయినవాళ్ళని తలుచుకున్నట్టు ఆగి,
వాయించాడు.
బస్తాల మీది ఎలుకలు కూడా కదల్లేదు.

తర్వాత పర్సులోంచి ఫొటో తీశాడు.
ఫుజీ కొండ కింద వాళ్ళదీ కాగితం మిల్లుల ఊరేనట.
ఉడికిన గడ్డి కంపు అదేనట.
చాకలి దుకాణం వెనక గదిలో నలుగురు కుర్రాళ్ళు,
జుట్టుకి సబ్బు రాసి ముళ్ళలా నిలబెట్టి,
గిటార్లని తెడ్లలా పట్టుకుని.
అంచున ఉన్నవాడు ఫొటోలో సగమే పడ్డాడు,
ఒక భుజం, ఒక చెవి.
ఆ చెవి తనది.

మధ్యలో నవ్వుతున్నవాడికి ఇప్పుడు స్టేడియాలు చాలవట.
పేరేంటని అడిగాం.
"చెప్తే మీకు తెలీదు,
చెప్పకపోతే నాకు హాయి" అన్నాడు,
మిల్లులో నేర్చుకున్న హిందీలో.
వాడు టోక్యో రైలెక్కే రాత్రి "నువ్వూ రా" అన్నాడట.
తెల్లారితే ఒగాటాకి బాయిలర్ పరీక్ష.
"పాసయ్యారా?" అంది మా కుంతల.
"అయ్యాను" అన్నాడు,
తప్పు ఒప్పుకున్నట్టు.

వాళ్ళు నలుగురూ కట్టిన మొదటి పాటతోనే
వాడు ఇప్పటికీ సభ ముగిస్తాడట.
రాసినవాళ్ళ పేర్లలో ఈ చెవి పేరు లేదు.
కానీ ఆ పాట ఎక్కడ మోగినా
పావు స్వరం కిందికి ఉంటుందట.
తెలిసినవాళ్ళు దాన్ని బాధ అన్నారు, శైలి అన్నారు,
ఒకాయన పుస్తకంలో పదిహేను పేజీలు రాశాడట.
"మా దగ్గరా శ్రుతిపెట్టె లేదు" అన్నాడు ఒగాటా.
అప్పుడే ఆరయింది.
త్రినాథ చెయ్యెత్తకముందే
ఆయన చెయ్యి లేచింది.

మెషిన్ తిరిగింది. ఆయన వెళ్ళిపోయాడు.
నాలుగో తీగ పోస్టులో వచ్చింది,
కస్టమ్స్ వాళ్ళు రెండుసార్లు విప్పి చూసి.
అప్పటికి మేమే లేము.
గోడౌన్ గోడౌనయింది.
దాలయ్య కొరాపుట్ పోయాడు.
కుంతల హైదరాబాద్ పోయింది,
పోయి, పేరు మార్చుకుని, సినిమాల్లో పాడింది.
ఇంటర్వ్యూల్లో తొలి వేదిక రవీంద్రభారతి అంటుంది.
అనుకోనీ.
తేరుబలిలో కరెంటు పోతే
టార్చిలైటు మొహాన వేసుకుని మూడు పాటలు లాగింది,
అది చెప్పుకునేది కాదు కదా.

మిల్లు సైరన్ కూడా తీసేశారు.
షిఫ్టు మారితే ఫోన్లకి మెసేజి వస్తుంది.

మొన్న త్రినాథ బ్యాటరీల షాపులో టీవీ.
పోటీకొచ్చిన చిన్నపిల్లకి
కుంతల ఒక చరణం పాడి చూపించింది,
తోడు వాయిద్యం లేకుండా.
పక్కన కూర్చున్న పెద్దాయన కనుబొమ్మ ముడేసి
"శ్రుతి కాస్త కిందుంది కదమ్మా" అన్నాడు.
ఆవిడ నవ్వి ఊరుకుంది.

త్రినాథ ఆసిడ్ సీసా కింద పెట్టి
చెయ్యెత్తాడు, "ఉండండహె."
షాపులో మిగిలిన ముగ్గురం
లేని గిటార్ల చెవులు పట్టుకున్నాం.